అంటువ్యాధుల లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అంటువ్యాధులు ఎలా వ్యాపిస్తాయో, వాటిని ఎలా అదుపు చేయాలో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాడే గణిత నమూనాలే ఆ విషయం. కొందరు కుతూహలంతో రాశారు, కొందరు అనుమానంతో రాశారు, ఒకరు కోపంగానే రాశారు. వాటిలో ఏడు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మనుషుల నడవడి, సూక్ష్మజీవి స్వభావం, రుతువుల ప్రభావం ఇన్ని కలిసిన జబ్బును రెండు మూడు సమీకరణాల్లో ఎలా బంధిస్తారో నాకు అంతుపట్టడం లేదు. కాగితం మీద చేసి చూసుకునేలా చెప్పగలరా?

జవాబు: చెప్పగలనమ్మా. వెయ్యి మంది ఉన్న ఒక సమూహాన్ని ఊహించుకోండి. వారిని మూడు అరల్లో సర్దుదాం: జబ్బు ఇంకా సోకనివారు, సోకి ఇతరులకు అంటించగల స్థితిలో ఉన్నవారు, కోలుకుని మళ్లీ ఆ జబ్బు రానివారు. ఒక్కో రోగి వారం రోజుల్లో ఇద్దరికి అంటించగలడనీ, వారం తిరిగేసరికి కోలుకుంటాడనీ అనుకుందాం. అయితే అతడికి ఎదురుపడిన ఇద్దరిలో ఒకరు ఇదివరకే జబ్బు పడి లేచినవారైతే, ఆ మేరకు వ్యాప్తి ఆగిపోతుంది. కాబట్టి వచ్చే వారం రోగుల సంఖ్య కావాలంటే, ఈ వారం రోగుల సంఖ్యను రెండుతో హెచ్చవేసి, సమూహంలో ఇంకా సోకనివారి వంతు ఎంతో దానితో మళ్లీ హెచ్చవేయాలి. ఈ ఒక్క నియమం చాలు.

పదిమంది రోగులతో, 990 మంది సోకనివారితో మొదలుపెట్టండి. మొదటి వారం కొత్త రోగులు 2 × 10 × 0.99, అంటే సుమారు 20 మంది. వారిని తీసివేస్తే సోకనివారు 970 మంది మిగులుతారు. ఇలాగే వారం వారం చేసుకుంటూ పోతే కొత్త రోగుల సంఖ్య 39, 73, 125, 183, 201 దాకా ఎక్కి, అక్కడి నుంచి 140, 59, 18, 5, 1గా దిగిపోతుంది. చివరికి 126 మందికి జబ్బు సోకనే సోకదు. మందు లేదు, టీకా లేదు, ఎవరూ ఏ జాగ్రత్తా తీసుకోలేదు. అయినా అందరికీ సోకక ముందే జబ్బు తనంతట తాను చల్లారింది. సోకనివారు సగానికి తగ్గాక ఒక్కో రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువ మందికే అంటుతుంది. అక్కడి నుంచి రోగుల సంఖ్య దిగక తప్పదు.

ఇప్పుడు అదే లెక్కను, ఒక్కో రోగి ఇద్దరికి బదులు సగటున ఒకటిన్నర మందికి అంటిస్తాడనుకుని చేయండి. అంటే మనుషుల మధ్య కలయికలు నాలుగో వంతు తగ్గాయన్నమాట. శిఖరం ఆరో వారం నుంచి ఎనిమిదో వారానికి జరుగుతుంది, శిఖరం దగ్గర కొత్త రోగులు 201 కాక 80 మందే ఉంటారు. జబ్బు అసలే సోకనివారు 126 నుంచి దాదాపు 365కు పెరుగుతారు. కలయికలు నాలుగో వంతు తగ్గితే, ఒకేసారి ఆసుపత్రికి చేరే భారం సగానికి మించి తగ్గింది. ఇంత పెద్ద తేడాను మనసులో ఊహించి చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా కష్టం. లెక్క అవసరం ఇక్కడే మొదలవుతుంది.

మీరు గణితం చెప్పినవారు కనుక ఒక లోపం కూడా చెప్పాలి. వారం వారంగా దూకే ఈ మోటు లెక్కలో ఇద్దరు రోగులు ఒకే మనిషికి అంటించడాన్ని రెండుసార్లు లెక్కపెడుతున్నాం. కాలాన్ని అవిచ్ఛిన్నంగా తీసుకుని అవకలన సమీకరణాలతో చేస్తే, మొదటి సందర్భంలో జబ్బు తప్పించుకునేవారు 126 కాదు, సుమారు 200 మంది. ఈ మూడు అరల సిద్ధాంతాన్ని 1927లో విలియం కెర్మాక్, ఆండర్సన్ మెక్‌కెండ్రిక్ ప్రచురించారు. 1905 చివర నుంచి 1906 నడిమి దాకా బొంబాయిలో ప్రబలిన ప్లేగు మరణాల లెక్కకు తమ వక్రరేఖ ఎంత దగ్గరగా వస్తుందో ఆ పత్రంలోనే గీసి చూపారు. మెక్‌కెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన వైద్యుడు. కెర్మాక్ 1924లో ప్రయోగశాల ప్రమాదంలో చూపు పూర్తిగా కోల్పోయిన రసాయన శాస్త్రవేత్త. చూపు పోయిన మూడేళ్లకే, కాగితం సాయం లేకుండా ఆ సమీకరణాలను మనసులో నిలుపుకొని పనిచేసిన మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవంతో ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: 2020 మార్చిలో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు బ్రిటన్‌లో కొవిడ్‌తో ఐదు లక్షల మంది చనిపోతారని అన్నారు. అప్పుడు అంతమంది చనిపోలేదు. అంతకుముందు ఎబోలా విషయంలోనూ ఇలాగే జరిగింది. తప్పుడు జోస్యాలతో జనాన్ని భయపెట్టిన ఈ నమూనాలను ఇంకా ఎందుకు నమ్మాలి?

జవాబు: మీ కోపంలో న్యాయం కొంత ఉంది. దాని గురించి తరువాత చెబుతాను. ముందు ఆ నివేదికలో ఉన్న మాట చూద్దాం. ప్రభుత్వం ఏ చర్యా తీసుకోకుండా, ప్రజలు తమ నడవడిని ఏమాత్రం మార్చుకోకుండా ఉంటే సుమారు 5,10,000 మంది చనిపోవచ్చని మార్చి 16న వెలువడిన ఆ నివేదిక చెప్పింది. వారం తిరిగేసరికి, మార్చి 23న, బ్రిటన్‌లో లాక్‌డౌన్ ప్రకటించారు. షరతే తప్పిపోయాక ఫలితం జరగలేదని నమూనాను తప్పుపట్టలేం. బ్రేకు వేయకపోతే బండి లోయలో పడుతుందని పక్కనున్నవాడు అరిచాడు, డ్రైవరు బ్రేకు వేశాడు, బండి ఆగింది. పడలేదు కాబట్టి అరిచినవాడు అబద్ధం చెప్పాడని ఎవరూ అనరు.

ఎబోలా సంగతి ఇంకా బోధపరుస్తుంది. 2014 సెప్టెంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అదనపు చర్యలు ఏవీ లేకపోతే లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో 2015 జనవరి 20 నాటికి, లెక్కకు రాని కేసులను కూడా కలుపుకుంటే, 14 లక్షల కేసులు ఉండవచ్చని అంచనా వేసింది. గినీతో సహా మూడు దేశాల్లో ఆ మహమ్మారి ముగిసేనాటికి నమోదైన కేసులు సుమారు 28,600, మరణాలు 11,300. పత్రికలు 14 లక్షలను పతాక శీర్షిక చేశాయి. అదే పత్రంలో ఇంకో అంకె ఉంది, అది ఎవరి కంటా పడలేదు. రోగుల్లో దాదాపు 70 శాతం మందిని చికిత్సా కేంద్రాల్లో గానీ, ఇతరులకు అంటకుండా జాగ్రత్తపడే ఏర్పాటులో గానీ ఉంచి, చనిపోయినవారిని సురక్షితంగా ఖననం చేయగలిగితే మహమ్మారి తగ్గుముఖం పట్టి ముగుస్తుందని ఆ నమూనా చెప్పింది. నన్నడిగితే ఆ నమూనాను తయారు చేసింది ఆ 70 కోసమే. ఎన్ని పడకలు కావాలి, ఎంత త్వరగా కావాలి అన్న ప్రశ్నకు అది జవాబు. 14 లక్షలు ఆ జవాబు దొరక్కపోతే చెల్లించాల్సిన మూల్యం.

ఇక మీ కోపంలోని న్యాయం. నమూనాలు నిజంగానే తప్పిన సందర్భాలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో విలియం ఫార్ అనే ఆంగ్ల గణాంకవేత్త, మహమ్మారి ఎక్కినంత సౌష్ఠవంగా దిగుతుందని గమనించి, 1866లో పశువుల్లో ప్రబలిన ముసర వ్యాధి త్వరలోనే తగ్గుతుందని ముందే చెప్పాడు, అది తగ్గింది కూడా. 1990లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు అదే సూత్రాన్ని ఎయిడ్స్‌కు వర్తింపజేసి, ఆ దేశంలో మొత్తం కేసులు సుమారు రెండు లక్షల దగ్గర ఆగిపోతాయని అంచనా వేశారు. 1995 నాటికే అక్కడ ఐదు లక్షల కేసులు నమోదయ్యాయి. వారు చేసింది గతంలోని చుక్కలను కలిపే ఒక గీత గీసి, దానిని ముందుకు పొడిగించడం. జబ్బు ఎవరి నుంచి ఎవరికి, ఏ దారిన పోతుందో ఆ గీతకు తెలియదు. వ్యాప్తి జరిగే తీరును లోపల పెట్టుకున్న నమూనాకూ, పైపై ఆకారాన్ని అనుకరించే నమూనాకూ ఉన్న తేడా ఇదే. వార్తల్లో ఒక అంచనా కనబడినప్పుడు అది ఈ రెంటిలో ఏ జాతిదో అడగడం మంచి అలవాటు.

నమూనా సరైన దారి చూపినా ఆ దారిలో నడవడం చేదుగా ఉండవచ్చు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగినప్పుడు, గణిత నమూనాల సలహా మీద, జబ్బు కనబడిన పశుశాలల పక్కనున్న శాలల్లో ఆరోగ్యంగా ఉన్న పశువులను కూడా చంపారు. మొత్తం మీద 60 లక్షలకు పైగా పశువులను వధించారు. మహమ్మారి ఆగింది. కానీ అంత వధ అవసరమా, జబ్బు అప్పటికే తగ్గుముఖం పట్టిందా అన్న వాదన నిపుణుల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. ఒక సమీకరణం మాట మీద ఇంత పెద్ద నిర్ణయం తీసుకునేటప్పుడు, దానిలోని ఊహలను కనీసం ముగ్గురు వేరువేరుగా పరీక్షించి, అన్నిటినీ ప్రజల ముందు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: ఇవన్నీ కంప్యూటర్లు వచ్చాక పుట్టిన విద్యలేనా?

జవాబు: కాదు. 1760లో డేనియల్ బెర్నౌలీ అనే గణితవేత్త పారిస్ శాస్త్ర అకాడమీకి మశూచి మీద ఒక లెక్క సమర్పించాడు. అప్పటికి జెన్నర్ టీకా రాలేదు. మశూచి పొక్కుల రసిని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించి, తేలికపాటి జబ్బు తెప్పించి, పెద్ద జబ్బు రాకుండా చేసే పద్ధతి ఉండేది. అందులోనూ ప్రాణభయం ఉంది, ఆ భయం రెండు వందల్లో ఒకటని బెర్నౌలీ లెక్కకు తీసుకున్నాడు. అందరికీ ఈ పద్ధతి అమలు చేస్తే సగటు ఆయుర్దాయం 26 ఏళ్ల 7 నెలల నుంచి 29 ఏళ్ల 9 నెలలకు పెరుగుతుందని ఆయనకు తేలింది. డాలంబేర్ అనే మరో గణితవేత్త దీనికి అభ్యంతరం చెప్పాడు. ముప్పై ఏళ్ల మనిషికి రాబోయే నెలలో చనిపోయే భయాన్నీ, జీవితం చివర కలిసివచ్చే మూడేళ్లనూ ఒకే త్రాసులో తూచరాదన్నాడు. లెక్క ఒప్పైనా బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లి భయాన్ని ఆ లెక్క తీర్చదు. ఆ వాదన ఈనాటి టీకాల చర్చల్లోనూ సజీవంగా ఉంది.

ప్రశ్న: దోమలన్నిటినీ నిర్మూలించడం అసాధ్యం కాబట్టి మలేరియాను ఎప్పటికీ ఆపలేమని మా పెద్దాయన అంటారు. ఇది నిజమేనా?

జవాబు: సరిగ్గా ఈ మాటనే వంద ఏళ్ల కిందట చాలామంది రోనాల్డ్ రాస్‌తో అన్నారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని కనిపెట్టి, 1902లో నోబెల్ బహుమతి అందుకున్న వైద్యుడాయన. దోమలను తగ్గించమని ఆయన చెబితే, ఒక్క దోమ మిగిలినా జబ్బు మిగులుతుంది కదా అని ఎదురు ప్రశ్న వేసేవారు. దానికి జవాబుగా రాస్ గణితం పట్టుకున్నాడు. దోమల సాంద్రత ఒక పరిమితికి దిగువకు తగ్గితే చాలు, దోమలు ఎగురుతూనే ఉన్నా మలేరియా తనంతట తాను అంతరిస్తుందని సమీకరణాలతో చూపాడు. ఒక్కో రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువ మందికి అంటితే గొలుసు తెగిపోతుంది. మొదటి జవాబులోని సూత్రమే ఇది, దోమ రూపంలో వచ్చింది. మీ పెద్దాయనకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే మలేరియా నిపుణుడు దీనిని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఆయన లెక్కను దగ్గరగా చూడవలసిందే. దోమ ఒక రోగిని కుట్టి రక్తంతో పాటు పరాన్నజీవిని తీసుకున్నాక, అది దోమ ఒంట్లో ఎదిగి లాలాజల గ్రంథులకు చేరడానికి పది రోజులకు అటూ ఇటూ పడుతుంది. అందాకా ఆ దోమ కుట్టినా మలేరియా రాదు. అంటే పది రోజులు బతికిన ముసలి దోమలే ప్రమాదకరం. రోజుకు నూటికి 90 దోమలు బతికి బయటపడే చోట, పది రోజులు గడిచేసరికి 35 మిగులుతాయి. ఏదైనా మందు చల్లి రోజువారీ బతుకును 90 నుంచి 80కి తగ్గిస్తే పదో రోజుకు మిగిలేవి 11. 70కి తగ్గిస్తే మూడే. మిగిలిన దోమలు ఆ తరువాత బతికే రోజులు కూడా తగ్గిపోతాయి కనుక, రెంటినీ కలిపి చూస్తే 90 నుంచి 80కి తగ్గిన చోటే మలేరియా వ్యాప్తి శక్తి దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. గుంటల్లోని లార్వాలను సగం చంపితే వ్యాప్తి సగమే తగ్గుతుంది. పెద్ద దోమ ఆయుష్షును కాస్త తగ్గిస్తే దానికి ఎన్నో రెట్లు ఫలితం వస్తుంది. గోడల మీద మందు కొట్టడానికి గల గణిత కారణం ఇదే, ఎందుకంటే రక్తం తాగిన దోమ బరువెక్కి గోడ మీద వాలి విశ్రాంతి తీసుకుంటుంది.

దోమతెర సంగతీ ఇలాంటిదే. మలేరియా ఒకరి నుంచి ఒకరికి చేరాలంటే దోమ రెండుసార్లు మనిషిని కుట్టాలి: తీసుకోవడానికి ఒకసారి, ఇవ్వడానికి ఒకసారి. అందుకే సమీకరణంలో కాటు రేటుకు వర్గం ఉంటుంది, కాట్లు సగమైతే వ్యాప్తి నాలుగో వంతవుతుంది.

అయితే ఆ సమీకరణానికి తెలియనిది కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1955లో మొదలుపెట్టిన మలేరియా నిర్మూలన కార్యక్రమం చాలా దేశాల్లో అద్భుతమైన ఫలితాలిచ్చింది, చాలా దేశాల్లో నిలదొక్కుకోలేక 1969లో ఆ లక్ష్యాన్నే పక్కన పెట్టవలసి వచ్చింది. దోమలు డీడీటీకి తట్టుకోవడం నేర్చుకున్నాయి, నిధులు తగ్గాయి, కార్యకర్తలు అలసిపోయారు. వీటిలో ఏదీ మెక్‌డొనాల్డ్ సమీకరణంలో లేదు.

ప్రశ్న: నేను టీకాల కార్యక్రమంలో పనిచేసే నర్సును. మా దగ్గర తట్టు టీకా 90 శాతం పిల్లలకు పూర్తయింది. అయినా చాలదంటున్నారు. మిగిలిన పదిమంది కోసం ఇంత ఒత్తిడి ఎందుకు?

జవాబు: మీ శ్రమకు ముందుగా నమస్కారం. తట్టు ఒక్కో రోగి నుంచి, రక్షణ లేని సమూహంలో, 12 నుంచి 18 మందికి అంటగలదని సాధారణంగా చెబుతారు. దీన్నే ఆర్ నాట్ అంటారు. 15 అనుకుని చూడండి. రెండు డోసులు తీసుకున్నవారిలో నూటికి 97 మందికి రక్షణ వస్తుంది. కాబట్టి 90 మందికి టీకా వేస్తే నిజంగా రక్షణ ఉన్నవారు 87 మందే, 13 మంది ఖాళీగా ఉన్నారు. పదిహేను కలయికల్లో నూటికి 13 వంతు, అంటే ఒక్కో రోగి నుంచి దాదాపు ఇద్దరికి జబ్బు అంటుతుంది. రెండు అన్న అంకె మొదటి జవాబులో ఏం చేసిందో చూశారు కదా. అది ఒకటికి దిగాలంటే రక్షణ ఉన్నవారు 93 శాతం దాటాలి. పైగా టీకా అందని ఆ పదిమందీ నలుమూలలా చెల్లాచెదురుగా ఉండరు, ఒకే చోట, ఒకే కుటుంబాల్లో గుమికూడి ఉంటారు. సగటు 95 అయినా ఆ మూలలో 60 ఉండవచ్చు, నిప్పు అక్కడే అంటుకుంటుంది. పట్టికలో సగటు చూసి ఊరుకోక, ఏ వాడలో ఎవరు మిగిలారో వెతికే మీబోటివారి పనికి గణితం వెనక నుంచి ఇచ్చే బలం అది.

రుబెల్లా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అరకొర టీకా అసలు టీకా లేకపోవడం కంటే కొందరికి హాని చేయగలదు. పిల్లలకు రుబెల్లా వస్తే మామూలుగా తేలికగానే పోతుంది. గర్భిణికి తొలి నెలల్లో వస్తే కడుపులోని బిడ్డకు చెవుడు, గుండె లోపాలు, కంటి శుక్లాలు రావచ్చు. టీకా సగం మందికే వేస్తే వ్యాప్తి మందగిస్తుంది కానీ ఆగదు. టీకా పడని ఆడపిల్లలు చిన్నతనంలో రుబెల్లా బారిన పడకుండా తప్పించుకుని, పెద్దయ్యాక, పిల్లలను కనే వయసులో దానికి చిక్కుతారు. గ్రీసులో 1970ల నుంచి టీకా సగానికి లోపు పిల్లలకే అందుతూ వచ్చింది. 1993లో రుబెల్లా మహమ్మారి వచ్చినప్పుడు యువతులు ఎక్కువగా జబ్బు పడ్డారు, లోపాలతో పుట్టిన బిడ్డల సంఖ్య పెరిగింది. సమీకరణాలు ఈ ప్రమాదాన్ని అంతకుముందే చూపించాయి. అందుకే కనీసం 80 శాతం పిల్లలకు టీకా అందించగల స్థితి ఉన్నప్పుడే రుబెల్లా టీకాను మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం సలహా ఇస్తూ వచ్చింది. మంచి ఉద్దేశంతో సగం చేసిన పని చెరుపు కావచ్చునని ముందే చెప్పగలగడం ఈ శాస్త్రానికి నేను అన్నిటికంటే ఎక్కువగా రుణపడిన సంగతి.

ప్రశ్న: 2003 నాటి సార్స్, 2020 నాటి కొవిడ్ రెండూ కరోనా వైరస్‌లే. ఆర్ నాట్ కూడా రెంటికీ దగ్గర దగ్గరగా ఉందని చదివాను. మొదటిది కొద్ది నెలల్లో మాయమైంది, రెండోది ప్రపంచాన్ని ఎందుకు చుట్టేసింది?

జవాబు: ఒక్క అంకెతో జబ్బును అర్థం చేసుకోలేమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. రెండు వైరస్‌లకూ ఆరంభంలో ఆ అంకె రెండుకూ మూడుకూ అటూ ఇటూగానే ఉంది. సార్స్ రోగి జబ్బు ముదిరాకే ఎక్కువగా అంటిస్తాడు. అప్పటికి జ్వరంతో మంచాన పడి, చాలా సందర్భాల్లో ఆసుపత్రిలో ఉంటాడు. కాబట్టి జ్వరం చూసి వేరుగా ఉంచితే వ్యాప్తిలో పెద్ద భాగం తెగిపోతుంది. 2003 జులైలో అది అదుపులోకి వచ్చినట్టు ప్రకటించేనాటికి ఎనిమిది వేలకు పైగా కేసులు, 774 మరణాలు జరిగాయి. కొవిడ్ రోగి లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే, ఒక్కోసారి లక్షణాలు లేకుండానే అంటిస్తాడు. జ్వరం చూసి పట్టుకునేసరికి సగం పని జరిగిపోయి ఉంటుంది. లక్షణాలకు ముందే జరిగే వ్యాప్తి వంతు ఎంతన్నదే ఐసొలేషన్ పనిచేస్తుందో లేదో తేల్చే రెండో అంకె అని 2004లోనే గణితవేత్తలు రాశారు.

ఇంకో సంగతి కూడా ఉంది. సగటు రెండు అన్నప్పుడు పదిమంది రోగుల్లో ప్రతి ఒక్కరూ ఇద్దరేసికి అంటించి ఉండవచ్చు. లేదా తొమ్మిది మంది ఎవరికీ అంటించక, ఒక్కరే ఇరవై మందికి అంటించి ఉండవచ్చు. సగటు ఒకటే, లోకాలు రెండు. రెండో లోకంలో కొత్త చోటికి చేరిన ఒక రోగి నుంచి జబ్బు పాకకుండా ఆగిపోయే అవకాశం నూటికి తొంభై. పాకిందంటే మాత్రం విస్ఫోటమే. 2003 ఫిబ్రవరిలో హాంగ్‌కాంగ్‌లోని ఒక హోటల్లో ఒక రోగి బస చేశాడు. ఆ ఒక్క చోటి నుంచే సార్స్ వియత్నాం, సింగపూర్, కెనడా దేశాలకు చేరింది. అలాంటి జబ్బులో, రోగి ఎవరికి అంటించాడన్న ప్రశ్నతో పాటు, అతడికి ఎవరి నుంచి అంటింది అని వెనక్కి వెతకడం లాభదాయకం. ఎందుకంటే ఆ మూలం దొరికితే అక్కడే అంటించుకున్న మిగతా పంతొమ్మిది మందీ దొరుకుతారు.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. ఈ రంగంలోకి రావాలని ఉంది. ఇప్పటి నుంచే ఏం చేయాలి?

జవాబు: సంభావ్యత, కలన గణితం, కొంచెం ప్రోగ్రామింగ్ శ్రద్ధగా నేర్చుకోండి. జీవశాస్త్రాన్ని మాత్రం వదలొద్దు. జబ్బు ఎలా ప్రవర్తిస్తుందో తెలియని గణితవేత్త అందమైన తప్పులు చేస్తాడు.

ఈ రోజే చేయదగిన పని ఒకటుంది. 1920లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో లోవెల్ రీడ్, వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ అనే ఇద్దరు ఆచార్యులు రంగు గోళీలతో మహమ్మారిని విద్యార్థులకు చూపేవారు. మీరు పాచికలతో చేయండి. ఒక రోగి, పదిమంది ఆరోగ్యవంతులు. ఒక్కో ఆరోగ్యవంతుడికి ఒకసారి పాచిక వేయండి, 1 పడితే అతడికి సోకినట్టు. తరువాతి వంతులో మొదటి రోగి కోలుకుంటాడు. కొత్తగా ఇద్దరు రోగులుంటే, మిగిలిన ఒక్కో ఆరోగ్యవంతుడికి రెండేసి పాచికలు వేయండి, ఒక్కదానిలోనైనా 1 పడితే సోకినట్టు. రోగులు లేకుండా పోయేదాకా ఇలా సాగించి, మొత్తం ఎంతమందికి సోకిందో రాసుకోండి. మళ్లీ మొదటి నుంచి ఆడండి. కనీసం ముప్పైసార్లు ఆడండి.

ఏమీ మార్చకుండానే ఒకసారి జబ్బు మొదటి అడుగులోనే ఆగిపోతుంది, ఇంకోసారి ఎనిమిది తొమ్మిది మందిని చుట్టేస్తుంది. మొదటి అడుగులోనే ఆగే సంభావ్యతను చేత్తో లెక్క కట్టండి: ఆరింట ఐదు భిన్నాన్ని పదిసార్లు హెచ్చవేస్తే నూటికి 16 వస్తుంది. మీ ముప్పై ఆటల్లో అలా ఆగినవి ఎన్నో దాని పక్కన రాసి పోల్చి చూడండి. తరువాత ఆరోగ్యవంతుల్లో నలుగురికి టీకా వేసినట్టు పక్కన పెట్టి, మిగిలిన ఆరుగురితో మరో ముప్పైసార్లు ఆడండి. రెండు పట్టికలనూ మాకు పంపితే, వచ్చే నెల ఇదే శీర్షికలో వాటిని పక్కపక్కన ప్రచురిస్తాం.